దిష్టికి ఆవాలు

ఏదో తెగులొచ్చి ఆవచేలన్నీ మాడిపోయాక, పోపంటే సీసాలోంచి రెండు చుక్కల ఎసెన్సు కూరలో వేసుకోవడమే అయింది. తెగులును తట్టుకునే అడవి ఆవ ఎక్కడైనా మిగిలుంటే, దాంతో సంకరం చేసి పంటను మళ్లీ బతికించొచ్చని పరిశోధన కేంద్రం ఇందుమతిని ఏళ్ల తరబడి కొండలన్నీ తిప్పింది. చివరికి ఓ బండసందులో ఒకే ఒక్క మొక్క దొరికింది. చిటికెడు గింజలు పొట్లం కట్టుకుని సందెవేళ ఇల్లు చేరింది. పొట్లం వంటింటి గూట్లో పెట్టి, అదేమిటో చెప్పే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడింది.

"మొహమెలా పీక్కుపోయిందో! ఎవరి కళ్లు పడ్డాయో ఏమో," అంటూ అత్తగారు సుభద్రమ్మ వంటింట్లోకి వెళ్లి, పిడికిలి బిగించుకుని వచ్చి, కోడలి చుట్టూ మూడుసార్లు తిప్పింది. ఇందుమతి కళ్లయినా తెరవలేదు.

పిడికిట్లోవి సాంబ్రాణి వేసిన నిప్పుల మీద పడి చిటపటమన్నాయి. పోపుచుక్కలు ఎన్నడూ చెయ్యని చప్పుడు.

ఇందుమతి ఉలిక్కిపడి గూటివైపు చూసింది.

"చూశావా, ఎంత దిష్టో!" అంది సుభద్రమ్మ తృప్తిగా. "ఉప్పూ మిరపకాయలూ ఉన్నా, ఆవాలు లేక ఇన్నాళ్లూ తియ్యలేకపోయాను. ఇక చూడు, నీ పని ఎలా కలిసొస్తుందో."