సముద్రం మూలన పూలకుండీ

పోయిన వారం ఒక పెద్దమనిషి ముక్కు మీదకి పడవ ఎక్కింది.

ఆయన ఆ ఫోటో చూసి నవ్వలేదు. దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

తప్పు పడవది కాదు. ముందు గదిలో తెల్లగోడ మీద ప్రొజెక్టర్‌తో సముద్రం బొమ్మ వేసి, దాని ముందు మనిషిని కూర్చోబెట్టి ఫోటో తీయడం ఆ ఇంటి కోడలి పని. గదిలో లైటు వేస్తే గోడ మీద సముద్రం వెలిసిపోతుంది. ఆర్పితే అదే సముద్రం మనిషి మొహం మీదకి వచ్చి కూర్చుంటుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ గది అత్తగారిది. మూడు నెలలు స్టూడియో నడిపి చూసుకోమని ఇచ్చి, తన మంచాన్ని వంటింటి పక్కకి మార్చుకుంది. గడువు ఇవాళ్టితో సరి. పదకొండు గంటల ఫోటో కూడా చెడితే స్టూడియో మూసేసి మంచం వెనక్కి తేవాలి. అత్తగారు మాట మీద నిలబడే మనిషి. ఇచ్చినప్పుడూ అంతే, తీసుకునేటప్పుడూ అంతే.

పదకొండుకి వచ్చేది ఒక నర్సు, చక్రాల కుర్చీలో ఆమె తల్లి. ఆ తల్లికి ఒక్కసారి సముద్రం చూడాలని కోరిక. అంత దూరం వెళ్లే ఓపిక ఒంట్లో లేదు.

పది గంటలకే తలుపు చప్పుడైంది. అప్పుడే వచ్చేశారా అనుకుంటూ కోడలు తలుపు తీసింది.

గుమ్మంలో ఎవరో ముసలాయన, భుజాన సంచి. కిటికీలో పెట్టిన ఫోటో చూసి ఆగానన్నాడు. అందులో వెనకున్న సముద్రం ఎక్కడిదని అడిగాడు.

“నెట్‌లో దొరికింది బాబాయ్ గారూ. ఊరికే.”

“ఊరికే దొరికిందా,” అని ముసలాయన నవ్వాడు.

లోపలికి రాబోతే అత్తగారు నోట్‌బుక్కు అడ్డం పెట్టింది. తన కొత్త చెప్పులు ఎవరో తొడుక్కుపోయిన దగ్గర్నుంచీ గడప దాటే ప్రతివాళ్లూ అందులో సంతకం పెట్టాల్సిందే. కన్న కొడుక్కీ మినహాయింపు లేదు. వెళ్లేటప్పుడు పెడతానని ముసలాయన బతిమాలుకున్నాడు.

పదకొండుకి మనుషులొస్తున్నారు, తీరిక లేదని కోడలు చెప్పేసింది. ఆయన మంచినీళ్లడిగితే వంటింటి వైపు చెయ్యి చూపించింది. ఆయనే వెళ్లి తాగొచ్చి, గోడ ముందు నిలబడ్డాడు. మొహం నిండా అలలే.

ఉన్న తలనొప్పి చాలదన్నట్టు ఇదొకటా అనుకుంది కోడలు.

“అమ్మా, ఆ ప్రొజెక్టర్ని బీరువా మీద పెట్టి చూడు,” అన్నాడాయన నెమ్మదిగా.

ఎటూ మునిగేదే కదా అని పెట్టింది. ఆయన కుర్చీని గోడ నుంచి ఐదడుగులు ముందుకి లాగాడు. ఇప్పుడు వెలుగు కూర్చున్నవాళ్ల తల మీదుగా దాటిపోయి గోడకి తగిలింది. టేబుల్ లైటుని పక్కనుంచి మొహం మీదకి తిప్పాడు. అది గోడ మీద పడకుండా మధ్యలో అత్తగారి నల్లగొడుగు తెరిచి కట్టాడు. వాన లేకుండా గొడుగేమిటని ఆవిడ గొణిగింది.

కోడలు ఆయన్నే కూర్చోబెట్టి ఒక ఫోటో తీసింది.

మొహం మొహంలాగే ఉంది. సముద్రం సముద్రంలాగే ఉంది. మూడు నెలల బెంగ ఒక్కసారిగా దిగి, ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కళ్లు తుడుచుకుని, స్టూలు మీదున్న పూలకుండీని ఎప్పటిలాగే బొమ్మ కింది మూలకి జరిపింది. అదెందుకని ముసలాయన అడిగాడు.

“అక్కడేవో కోడిగీతలున్నాయండీ. చూడ్డానికి బాగోవని అడ్డం పెడతాను.”

ఆయన కాసేపు ఆ కుండీనే చూశాడు. తర్వాత వంగి, తన చేత్తోనే దాన్ని ఇంకో అంగుళం జరిపాడు. ఓ పక్కనుంచి ఇంకా కనిపిస్తోందన్నాడు.

ఇంతలో గేటు దగ్గర చక్రాల కుర్చీ చప్పుడైంది. కోడలు అటు పరిగెత్తింది. వాళ్లని లోపలికి తీసుకొచ్చే హడావిడిలో, ముసలాయన నోట్‌బుక్కులో ఏదో రాసి, కుర్చీకి దారిచ్చి, వెళ్లిపోయాడు. చెప్పాల్సిన మాట కోడలి నోట్లోనే ఉండిపోయింది.

నర్సు తల్లి సముద్రం వైపు చూసి, ముందు తన చెప్పులు తీసేయమంది. ఇసుకలో చెప్పులెందుకంది. ఫోటో ప్రింటు తీసి ఇచ్చాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసుకుంది.

“వెళ్లొచ్చేశానే,” అంది కూతురితో.

అత్తగారు గుమ్మంలోంచి అంతా చూసింది. వాళ్లు వెళ్లాక గొంతు సవరించుకుంది.

“వంటింటి పక్కన గాలి బాగా వస్తోందిలే అమ్మాయ్. నా మంచం అక్కడే ఉండనీ.”

సాయంత్రం కోడలు ముసలాయన ఫోటో ప్రింటు తీసింది. ఎక్కడికి పంపాలో తెలియలేదు. కనీసం మంచినీళ్లయినా చేతికివ్వలేదని మనసు పీకింది. అత్తగారు నోట్‌బుక్కు తిరగేసింది. పేరు లేదు, అడ్రసు లేదు. ‘సముద్రానికి మంచి ఇల్లు దొరికింది’ అని ఒక ముక్క రాసి, కింద కోడి కెలికినట్టు సంతకం గీకాడని చదివి వినిపించింది.

అయితే ఈ ఫోటో కిటికీలో పెడతానంది కోడలు. ఒకసారి ఆగిన మనిషి ఇంకోసారి ఆగకపోతాడా అంది.

అత్తగారి చేతిలోంచి నోట్‌బుక్కు తీసుకుంది. ఆ గీతలు రోజూ చూసేవిలాగే ఉన్నాయి. ఒక్క క్షణం ఆగి, వెళ్లి ప్రొజెక్టర్ వేసి, పూలకుండీని పక్కకి తీసేసింది.

బొమ్మ మూలన, తడి ఇసుక మీద, ఆ సముద్రాన్ని ఫోటో తీసిన మనిషి పెట్టుకున్న సంతకమూ అదే.