పూడిక తీయని కాలువ

మురుగునీళ్లు మళ్లీ హైమ వంటింట్లోకి వచ్చాయి. చిన్నదానికి జ్వరం తగ్గనేలేదు. కాలనీ సంఘంతో ఒప్పందమున్న కాలేజీ పిల్లలు కాలువ పక్కన నిలబడి పరిశుభ్రత ప్రతిజ్ఞ చేస్తుంటే, వాళ్ల చేతిపట్టీలు సేవా గంటలు నమోదు చేసుకుంటున్నాయి. పార ముట్టినవాళ్లు లేరు. విసిగిపోయిన హైమ తానే పార తీసుకుని కాలువలోకి దిగింది.

"ఆగండాంటీ!" జట్టు నాయకురాలు ప్రవల్లిక పరిగెత్తుకొచ్చింది. "పూడిక తీసేస్తే శుభ్రమైపోయిందని ఈ వీధి మాకు రద్దయిపోతుంది. మిగతా వీధులన్నీ వేరే కాలేజీలు పట్టేసుకున్నాయి."

"మీ డిగ్రీల కోసం మేం ఈ కంపులో చావాలా?"

"మీ పెద్దమ్మాయి వచ్చే ఏడు మా కాలేజీలోనే కదా చేరేది? సేవా గంటల్లేకపోతే డిగ్రీ ఇవ్వరాంటీ. తనెక్కడ తెచ్చుకుంటుంది?"

హైమ ఆ నల్లటి నీళ్లలోంచి పార తీసి గట్టు మీద పెట్టేసింది. తర్వాత పైకొచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింట్లో నేల మీదున్న బియ్యం డబ్బా అటక మీదికి ఎత్తడానికి సాయం రమ్మని పెద్దకూతుర్ని కేకేసింది.