తొడిమ సారు పరీక్ష

“పన్నెండో నంబరు!” అని కేకేశాడు తోట సూపర్‌వైజర్, చేతిలోని జాబితా మీంచి తలెత్తకుండానే. “ఇదే ఆఖరు. మిగిలింది ఒక్క ఖాళీ. పనొచ్చినవాళ్ళు దొరికితే సరే, లేదంటే అది ఖాళీగానే ఉంటుంది.”

మామిడి చెట్టు నీడలోంచి ఒక తల్లీ కూతురూ లేచి వచ్చారు. ఇద్దరివీ అచ్చు గుద్దినట్టు ఒకే పోలికలు.

ఆ యూనివర్సిటీ ఆవరణలో అరవై మామిడి చెట్లున్నాయి. అన్నీ ఈ సూపర్‌వైజర్ తన చేత్తో నాటినవే. కాపుకొచ్చిన ఏటి నుంచీ కాయ కోసే పని విద్యార్థులకే ఇస్తున్నారు. కాపున్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే క్లాసులకు ముందు రెండు గంటలు కోస్తే ఆ ఏడాది ఫీజు మాఫీ. అందుకే ఈ పనికి అంత గిరాకీ. కానీ ఆయనకో చాదస్తం ఉంది. తొడిమ ఊడితే సొన కారుతుంది, సొన కారితే కాయ నల్లబడుతుంది, నల్లబడ్డ కాయ ముగ్గకముందే కుళ్ళుతుంది. ఈ మూడు ముక్కలూ రోజుకు ముప్పైసార్లు వల్లించబట్టే పిల్లలు ఆయనకు తొడిమ సారు అని పేరు పెట్టారు. ఆ పేరు చెవినపడ్డప్పుడల్లా ఆయన లోలోపల మురిసిపోతాడని మాత్రం వాళ్ళకు తెలియదు.

“ఈ పని దొరక్కపోతే సీటు వదులుకోవాల్సిందే సార్,” అంది తల్లి. “ఎన్నో ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చిన సీటు.”

“అందరూ అదే అంటారమ్మా. నాకు కావాల్సింది కన్నీళ్ళు కాదు, తొడిమలు.” చివర వలసంచి కట్టిన పొడుగాటి దోటి తీసి అమ్మాయి చేతిలో పెట్టాడు. “ఊఁ, కొయ్యి.”

“సార్, నేను కాదు...”

“నేను కాదు, నాకు రాదు, నా వల్ల కాదు! ఈ పాట నా దగ్గర కుదరదు. కొయ్యమంటే కొయ్యడమే!”

ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినడమన్నది బుద్ధెరిగాక ఆయన ఎన్నడూ చేసిన పని కాదు. అమ్మాయి దిక్కుతోచక తల్లివైపు చూసింది. తల్లి కానిమ్మన్నట్టు నవ్వింది.

మొదటి కాయ దభీమని ఆయన బూటు పక్కన పడింది. రెండోది వలలో పడింది గాని తొడిమ కొమ్మకే ఉండిపోయింది. మూడోసారి కాయకు బదులు గుప్పెడు ఆకులు రాలాయి.

“అయ్యయ్యో, నా చెట్టు!” పన్నెండో నంబరు కొట్టేయడానికి ఆయన పెన్ను తీశాడు.

“ఆగండి సార్. ఆ దోటి ఇలా ఇయ్యవే,” అంది తల్లి.

“ఇది చదువుకునే పిల్లల పనమ్మా. అమ్మలు చేసిపెట్టడానికి హోంవర్కు కాదు!”

అమ్మాయికి నవ్వాగలేదు. తల్లి అప్పటికే దోటి అందుకుని, తల పైకెత్తి, చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తొడిమ దగ్గర భుజాలు నిండి, కోతకొచ్చిన కాయలనే ఎంచింది. వలను కింది నుంచి తొడిగి, లాగకుండా, మణికట్టు ఒక్కసారి తిప్పింది. కాయ చప్పుడు లేకుండా వలలోకి దిగింది. అలా పది కోసి, ఒకదానికొకటి తగలకుండా గంపలో పేర్చింది.

సూపర్‌వైజర్ వంగి ఒక్కొక్కటే తీసి చూశాడు. పదికి పదీ తొడిమలతోనే ఉన్నాయి. చివరి కాయను మెల్లగా గంపలో పెట్టి తలెత్తాడు.

“ఎక్కడ నేర్చుకున్నారమ్మా?”

“పరాయి తోటల్లో సార్. బడి మాన్పించిన మర్నాటి నుంచీ కాయలు కోశాను.”

“మా అమ్మ సార్!” అంది అమ్మాయి. మెడల్ తనకే వచ్చినంత గర్వంగా ఉంది ఆ పిల్లకి.

“మరి ఈ విద్య కూతురికి నేర్పలేదేం?”

“దీనికి చెట్లంటే హడల్. పుస్తకాలంటే ప్రాణం. పాఠం చెప్పడానికి కూర్చుందంటే, ఎదుటి మనిషి తలకెక్కేదాకా లేవనివ్వదు.”

ఆయన గంపవైపూ, చెట్లవైపూ చూశాడు. ఇరవై ఏళ్ళుగా తన చెట్లను ఇంత మర్యాదగా ముట్టుకున్న చెయ్యి ఇంకోటి లేదనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

“రూలు రూలే. విద్యార్థే పని చెయ్యాలి. అయినా ఇలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్లకి నెల్లాళ్ళలో చెయ్యి తిరగదా? పోనీయండి, ఖాళీ మీదే!”

తల్లి కళ్ళు చెమర్చాయి. ఆయన ఫారం తీసి అట్ట మీద పెట్టి ఇచ్చాడు.

“నిచ్చెనలెక్కే పని కాబట్టి ఇంటివాళ్ళ ఒప్పుదల కూడా ఉండాలి. పైన విద్యార్థి, కింద సంరక్షకులు. కానీండి.” అలా అని మళ్ళీ గంప దగ్గరికే వెళ్ళిపోయాడు.

తల్లి చేతులు తుడుచుకుని, నిదానంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేసి పెన్ను కూతురికిచ్చింది. కూతురు తనదీ చేసి ఫారం తెచ్చి ఇచ్చింది.

“మీరు చెప్పనిస్తేగా సార్!” అంది నవ్వు ఆపుకుంటూ.

“ఏమిటమ్మా చెప్పేది?” అంటూ ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

పైన, విద్యార్థి అన్న చోట, సంతకం తల్లిది. కింద, సంరక్షకులన్న చోట, కూతురిది.