ఇండస్, ఇండిగో, ఇండియం

“పేపర్ లీకయింది!” మైకులో అరిచాడు రఘువీర్.

అమెరికాలోని చాండ్లర్ ఊళ్ళో తెలుగు పిల్లల క్విజ్‌లో అది ఆఖరి ప్రశ్న. సింధు నదికి పాతకాలపు లాటిన్ పేరేమిటి, దాన్నుంచి పుట్టిన మూడు ఇంగ్లీషు మాటలేవి? పిల్లలు కాసేపు గోళ్ళు కొరుక్కుంటారని అనుకున్నాడు క్విజ్ మాస్టర్ రఘువీర్. ఒక్కరూ కొరకలేదు. బెల్లు కొట్టగానే అన్ని టేబుళ్ళ మీదా వైట్‌బోర్డులు లేచాయి. అన్నింటి మీదా ఒకటే జవాబు. ఇండస్. దాని కింద ఇండియా, ఇండిగో, ఇండియం. అదే వరస.

“ఇండియా సరే. నీలిరంగు కాబట్టి ఇండిగో కూడా తెలుసనుకుందాం. ఇండియం అనే లోహం ఒకటుందని ఈ పిల్లలకెలా తెలుస్తుందండీ? నేను కంప్యూటర్ చిప్స్ కంపెనీలో పనిచేస్తాను కాబట్టి నాకు తెలుసు!”

తల్లిదండ్రులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఫైనల్స్‌కి డాలస్ వెళ్ళేది ఒక్కరే మరి.

రఘువీర్ చూపు దమయంతి మీద ఆగింది. ప్రశ్నలు ప్రింట్ తీసుకొచ్చింది ఆవిడే. ఆవిడ కొడుకు వినీత్ ముందు టేబుల్ దగ్గరే ఉన్నాడు.

“నేను కాక పేపర్ చూసింది మీరే కదండీ, దమయంతి గారూ?”

“అయ్యో, ప్రింట్ తీసి కవర్‌లో పెట్టేశానండీ. కనీసం చదవలేదు కూడా.”

“మరి మీవాడికి ఇండియం కలలోకొచ్చిందా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. దమయంతికి తల కొట్టేసినట్టయింది. చేయని తప్పుకి నలుగురిలో సిగ్గుపడటం ఎంత నరకమో ఆవిడకప్పుడే తెలిసింది. పక్కనున్నావిడ మెల్లగా కుర్చీ జరుపుకుంది.

“వినీత్, నీకెవరు చెప్పారు?”

“చెప్పనని ప్రామిస్ చేశాను, అంకుల్.” వాడు తల్లివైపు చూడలేక బోర్డు వెనక మొహం దాచుకున్నాడు.

“విన్నారా! పిల్లలకి నిజాయితీ నేర్పాల్సినవాళ్ళం మనమే ఇలా చేస్తే ఎలాగండీ?”

హాలంతా తలలు దించుకుంది. దమయంతి కళ్ళు తుడుచుకుని, బ్యాగు తీసుకుని లేచింది.

“ఆంటీ కాదు నాన్నా. నేను చెప్పాను,” వెనక టేబుల్ దగ్గర రఘువీర్ కూతురు ఆద్య లేచి నిలబడింది.

“ఆద్యా, నువ్వు కూర్చో!”

ఆద్య కూర్చోలేదు.

“నిన్న కార్‌లో నువ్వు నాకొక్కదానికే ఆన్సర్ చెప్పావ్ కదా? అది ఫెయిర్ కాదు. అందుకే అందరికీ చెప్పేశాను.”