యాభై అంగుళాల మస్కీ

"ఇంకొక్కసారి విసిరి ఇంటికి పోదాం," అన్నాడు వెండెల్. పొద్దుట్నుంచి ఆ మాట అనడం ఇది ఆరోసారి.

అతని భార్య ఆర్డిస్ పడవ వెనక భాగంలో మోటారు పక్కన కూర్చుని ఉంది. సరస్సు అంచుల వెంట పలచటి మంచు పెంకు కట్టింది. మిగతావాళ్లంతా పోయిన వారమే పడవలు గట్టెక్కించేశారు. ఈ రోజుతో మస్కీ అనే పెద్ద చేపల వేట సీజన్ అయిపోతుంది. ఇంకో అరగంట గడిస్తే చాలని ఆమె లోలోపల వేడుకుంటోంది. వెండెల్ గాలానికి ఏమీ పడకూడదు. అంతే.

వెండెల్‌కి రెండు మూత్రపిండాలూ పాడైపోయాయి. వారానికి మూడు రోజులు, నలభై మైళ్లు పోయి, నాలుగేసి గంటలు డయాలిసిస్ కుర్చీలో కూర్చోవాలి. ఆగస్టులో ఒకరోజు అక్కడినుంచి తిరిగొస్తూ, ట్రక్కు నడుపుతున్న ఆర్డిస్‌తో మెల్లగా చెప్పాడు. యాభై అంగుళాల మస్కీ ఒక్కటి పడితే, ఆ మర్నాటి నుంచి ఆ కుర్చీలో కూర్చోనన్నాడు. పడకపోతే మాత్రం, వచ్చే ఏడు సీజన్ తెరిచేదాకా నోరెత్తకుండా సూదులు పొడిపించుకుంటానన్నాడు.

ఆమె ఏడ్చింది, పోట్లాడింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. అతను మాట మార్చలేదు.

చేపల విషయంలో మాట తప్పే మనిషి కాడు. జారిపోయిన చేప గురించి ఆ ఊళ్లో అందరూ కోతలు కోస్తారు. కొలత పలక మీద కొలిచి మళ్లీ నీళ్లలో వదిలేసే చేప గురించి మాత్రం ఎవరూ అబద్ధమాడరు. అరంగుళం ఎక్కువ చెప్పాడని సొంత తమ్ముడితో వెండెల్ పదకొండేళ్లు మాట్లాడలేదు. చివరికి తమ్ముడి శవపేటిక ముందు నిలబడి ఏడ్చాడే కానీ, అరంగుళం వదిలిపెట్టలేదు.

డయాలిసిస్ సూదులు గుచ్చే ఎడమ చేత్తో అతను బరువు ఎత్తకూడదు. అందుకే వల పట్టడానికి ఆర్డిస్ రోజూ పడవ ఎక్కుతోంది. మధ్యాహ్నం ఒకసారి గాలం కర్ర వంగింది. తీరా చూస్తే బాస్ అనే చిన్నరకం చేప. ఆమె పైకే నవ్వేసింది.

"బాస్‌ని చూసి ఇంత మురిసిపోయే మనిషిని ఈ సరస్సులో నిన్నొక్కదాన్నే చూశాను," అన్నాడు వెండెల్.

ఇప్పుడు ఎర పడవ దగ్గరికి వచ్చేసింది. ఎప్పటిలాగే అతను కర్ర కొసని నీళ్లలో ముంచి, ఎనిమిది అంకె గీసినట్టు ఎరని తిప్పాడు. ఒక చుట్టు. రెండో చుట్టు.

నీళ్లు విరిగాయి. కర్ర సగం దాకా వంగిపోయింది.

"ఆర్డిస్. వల."

ఆమె వల అందుకుంది. చేప పడవ కిందికి దూరింది, అవతల తేలింది, తల విదిలించింది. కుడి చెయ్యి ఒక్కదానితో వెండెల్ దాన్ని మళ్లీ మళ్లీ లాక్కొస్తున్నాడు. ముఖం బూడిదరంగుకి తిరిగింది. వదిలెయ్యమని ఆమె బతిమాలింది. అతను వినిపించుకోలేదు.

చేప పక్కకు వచ్చి వాలింది. ఆర్డిస్ వల చాచింది. అంచు కొంచెం తగిలిస్తే చాలు, కొక్కెం ఊడిపోతుంది. ముసలి చేతులు, చలి, వణుకు. ఎవరూ తప్పుపట్టరు.

"నీ మనసులో ఏముందో నాకు తెలుసు," అన్నాడు వెండెల్ ఆయాసపడుతూ. "నువ్వలా చెయ్యవని కూడా తెలుసు."

ఆమె పళ్లు బిగబట్టి వలని చేప కిందికి దించి, పైకెత్తింది.

వలని నీళ్లలోనే ఉంచి అతను పటకారుతో కొక్కేలు తీశాడు. చేప ఒంటికి హాని కలక్కుండా కొలత పలకని తడిపి పరిచాడు. ఆర్డిస్ రెండు చేతులతో తలవైపు ఎత్తి, మూతిని పలక మొదట్లో ఆనించింది. వెండెల్ తోక దగ్గర వంగాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎంత?" అంది కళ్లు తెరవకుండానే.

"నలభై తొమ్మిదిన్నర."

"సరిగ్గా చూశావా?"

"అరంగుళం గురించి నాకు చెప్పొస్తున్నావా? పట్టు, నీళ్లలోకి దించాలి."

చేపని నీళ్లలో నిలబెట్టి, అది తేరుకునేదాకా వెండెల్ తోక పట్టుకునే ఉన్నాడు. మొప్పలు ఆడాయి. ఒక్క విదిలింపుతో చేతిలోంచి జారి, చీకటి నీళ్లలోకి దిగిపోయింది. అది పోయాక కూడా అతని చెయ్యి నీళ్లలోనే ఉంది. ఆర్డిస్ ఆ చేతిని పైకి లాగి, తన కోటు లోపల పెట్టుకుని వెచ్చబెట్టింది. అంత దుఃఖంలో ఉన్న మనిషి ముందు సంతోషపడకూడదని ఎంత అనుకున్నా కన్నీళ్లు ఆగలేదు.

"సోమవారం ఎన్నింటికి?" అన్నాడు వెండెల్.

"ఆరున్నరకి."

"ఆ టీవీలో వంటల కార్యక్రమం పెట్టొద్దని నర్సుకి చెప్పు. సూదులైనా ఓర్చుకుంటాను కానీ, ఆ వంటలావిడని ఓర్చుకోలేను."

చెబుతానంది. వెండెల్ ఆమెని దాటుకుని మోటారు దగ్గరికి వెళ్లి తాడు లాగాడు. పడవ గట్టువైపు తిరిగింది. ఆర్డిస్ కన్నీళ్లు తుడుచుకుని, వల మడిచి పెట్టి, పెట్టెలో సర్దడానికి కొలత పలక చేతిలోకి తీసుకుంది.

చేప జిగురులో తోక అచ్చు యాభై రెండో గీత మీద గడ్డకట్టి ఉంది.