నళిని సంచి

ఆ ఆదివారం కూడా నళిని సంచే పెద్దది.

సంతోషమ్మ ప్రార్థనలో తల వంచుకునే ఉంది గానీ, ఒక కన్ను మాత్రం బల్ల మీదే ఉంది. బల్ల మీద వరుసగా బియ్యం సంచులు. ఉద్దనపల్లి సంఘంలో ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని పేరున ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆదివారం చర్చికి తెస్తారు. పాస్టరమ్మ అన్నీ ఒకే మూటగా కలిపి, ఇబ్బందిలో ఉన్న ఒక ఇంటికి చేరుస్తుంది. అది ఎవరి ఇల్లో మాత్రం చెప్పదు.

ఈ పద్ధతి మొదలుపెట్టిందే సంతోషమ్మ. పన్నెండేళ్లుగా పెద్ద సంచి ఆమెదే. "మా సంతోషమ్మను చూసి నేర్చుకోండి" అని పాస్టరమ్మ అన్నప్పుడల్లా తల వంచుకుని లోలోపల పొంగిపోయేది.

ఐదు నెలల కిందట ఈ నళిని వచ్చింది. అనంతపురం వైపు మనిషి. ఊరి బయట ఎక్కడో అద్దెకు దిగారట. మొగుడు ఉపేంద్ర పొద్దున్నే క్యారియర్ పట్టుకుని హోసూరు బస్సెక్కుతాడు. మొదట్లో అందరిలాగే చిన్న సంచి తెచ్చేది. రెండు నెలలు తిరిగేసరికి ఆ సంచి నిండుగా రావడం మొదలైంది.

"ఫ్యాక్టరీలో నెల జీతం, కుమ్మరించక ఏం చేస్తాది? మనకు యాడొస్తుంది?" అని ఇంటికొచ్చి అక్కసంతా వెళ్లగక్కింది సంతోషమ్మ.

"ఇచ్చేది దేవునికి కదా. ఆయమ్మతో నీకేం పోటీ?" అన్నాడు భర్త రాజప్ప.

"నువ్వు గమ్మునుండప్పా!"

మర్నాటి నుంచి గుప్పెడు కాస్తా రెండు గుప్పెళ్లయింది. తర్వాత నాలుగు. ఇంట్లో అన్నం పోయి మూడు పూటలా రాగి ముద్దే మిగిలింది.

అయినా లాభం లేకపోయింది. సంతోషమ్మ ఒక కిలో పెంచితే, మరుసటి వారం నళిని సంచీ అంతే పెరిగేది. ఎవరో తన సంచి తూచి ఆమెకు చేరవేస్తున్నారని సంతోషమ్మకు గట్టి అనుమానం. పైగా నళిని ఎదురొచ్చి "వందనాలక్కా" అని నవ్వుతుంటే ఒళ్లు మండిపోయేది. పాస్టరమ్మ కూడా ఈ మధ్య ఎవరి పేరూ ఎత్తడం లేదు.

సంతోషమ్మ బాగా ఆలోచించింది. సంఘంలో తన పేరు ఎలాగూ పోయింది. కనీసం ఆ అన్నం తినేవాళ్లకైనా అది ఎవరి చలవో తెలియాలి.

ఆ ఆదివారమే అవకాశం దొరికింది. పాస్టరుగారు ఆరాధన ముగించి కృష్ణగిరిలో ప్రార్థన కూటాలకు బయల్దేరారు. పాస్టరమ్మకు జ్వరం.

"మూట నేను పోయి ఇచ్చొస్తానమ్మా. ఇల్లు యాడో చెప్పండి" అంది సంతోషమ్మ.

పాస్టరమ్మ తానే పోదామని లేవబోయి, తూలి మళ్లీ మంచం మీద కూర్చుంది. చివరికి చెప్పింది.

"రాయకోట రోడ్డులో ఇటుకల బట్టీ దాటినాక వరుసగా గదులుండాయి. కడాన ఉండే గది. గడప కాడ పెట్టి, తలుపు తట్టి వచ్చెయ్ సంతోషమ్మా. ఆడ నిలబడొద్దు."

"అట్లే అమ్మా."

రాజప్ప మోపెడ్ మీద తీసుకెళ్లి రోడ్డు మీదే ఆగిపోయాడు. సంతోషమ్మ మూట ఎత్తుకుని ఆయాసపడుతూ చివరి గది దాకా నడిచింది. మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుంది. తలుపు తట్టింది. అక్కడే నిలబడింది.

తలుపు తీసింది నళిని.

లోపల చాప మీద కూర్చున్న ఉపేంద్ర మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఈయనకు పని పోయి మూడు నెలలైందక్కా. దినామూ పోయి యెతుకుతానే ఉన్నాడు. అమ్మగారికి తప్ప ఎవురికీ చెప్పలేదు" అంది నళిని చిన్న గొంతుతో.

సంతోషమ్మ చూస్తుండగానే ఆమె మూట విప్పింది. గిన్నెతో కొలిచి నాలుగు గిన్నెలు డబ్బాలో పోసుకుంది. మూటకు మళ్లీ ముడి వేసింది.

"వారానికి మాకింత చాలక్కా, మిగిలిందంతా ఎప్పట్లాగే వచ్చే ఆదివారం సంచిలో పోసి చర్చికి తెచ్చేస్తాను."