ఒక్క ఇంటి మాట

సభ మొదలైంది పొద్దున్నే. పొద్దు నడినెత్తికొచ్చినా ఒక్క సంగతీ తేలలేదు. సర్పంచి సోములమ్మ తెలుగులో చెప్పినదాన్నే ఒకరు కువిలో, ఇంకొకరు ఒడియాలో మళ్లీ చెబుతున్నారు. వరహాలరావు ఆవులింత ఆపుకుంటున్నాడు.

విజయనగరం నుంచి వచ్చి, ఈ అరకు కొండల్లో ఇల్లు అద్దెకు తీసుకుని, ఓ స్వచ్ఛంద సంస్థ తరఫున గిరిజనులకు ప్రజాస్వామ్యం నేర్పడం అతని ఉద్యోగం. ఆరేళ్లుగా నేర్పుతూనే ఉన్నాడు. వాళ్ల భాష మాత్రం ముక్క నేర్చుకోలేదు. నేర్పడానికొచ్చినవాడు నేర్చుకోవడమేమిటి?

ఊరికి కాఫీ పండ్ల తొక్క తీసే యంత్రం ఎప్పుడో మంజూరైంది. దాని మురుగు కంపు తమ పక్కన వద్దని ఎవరికి వారే అడ్డం పడ్డారు. ఒక్క ఇంటివాళ్లు కాదన్నా పని ఆగాలన్నది ఊరి కట్టుబాటు. ఇన్ని తెగలు ఒకచోట చేరితే ఏ వ్యవస్థయినా ఇలాగే ఏడుస్తుందని అతను పైవాళ్లకు రాస్తూ ఉండేవాడు.

ఇక ఉండబట్టలేక లేచాడు. ఎక్కువమంది మాటే చట్టమనీ, ఒక్క ఇంటికోసం ఊరంతా ఆగడం అనాగరికమనీ దంచి చెప్పాడు. కువి మాట్లాడేవాళ్ల పెద్ద, ముసలి బుధు, తన భాషలో ఏదో గొణిగాడు.

“ఏమంటున్నాడు?”

“బాగా ఆలోసించుకున్నావా అంతన్నాడు,” అంది సోములమ్మ.

వరహాలరావు జాలిగా నవ్వాడు. బుధు వాళ్లు ఊళ్లో తక్కువమంది, భయం ఉండదూ మరి!

చేతులెత్తించాడు. కట్టుబాటు పోయింది. సంస్థకు పంపడానికి ఫొటో తీసుకున్నాడు.

ఆ ఊపులోనే యంత్రం సంగతీ తేలిపోయింది. మూడు భాషలవాళ్లూ ముచ్చటగా ఒక్క మాట మీదికొచ్చి, అతని ఇంటి వెనకున్న పంచాయతీ జాగా చూపించారు.

అతని ముఖం పాలిపోయింది. యంత్రం మంజూరైన కొత్తలో అక్కడ వద్దని తను ఒక్క మాట అనగానే మానేశారు కదా అని గుర్తుచేశాడు.

“అప్పుడు కట్టుబాటుండీది గదా,” అంది సోములమ్మ.

వరహాలరావు గొంతు తగ్గించాడు. తాతల నాటి కట్టుబాటు, తొందరపడి తీసెయ్యడం మంచిది కాదేమో, మళ్లీ పెట్టుకుందామన్నాడు.

“తాతలేటి బాబూ?” అంది సోములమ్మ. “మాలో ఏ తెగకైనా పదిళ్లున్నాయి. ఒక్క ఇంటోళ్లు ఎవులున్నారు?”

ఆమే మెల్లగా చెప్పింది.

“అది నువ్వొచ్చిన ఏడాది నీ కోసం పెట్టిందే.”